ఊచలు, తాళ్ళు, పతకాలు: న్యూయార్క్ ‘రెస్క్యూ వన్’ చరిత్ర

నగరంలోని ఏ ఫైర్ స్టేషన్ చరిత్రనైనా తెలుసుకోవడానికి సాధారణంగా రెండు రకాల రికార్డులు ఆధారమవుతాయి. వచ్చిన ప్రతి కబురునూ, బండి కదిలిన వేళనూ, తిరిగివచ్చిన వేళనూ నమోదు చేసే దినచర్య పుస్తకం మొదటిది. అక్కడ పనిచేసినవారికి దక్కిన సాహస పురస్కారాల చిట్టా రెండోది. ఈ రెండోదాన్ని గోడకు తగిలించుకునే గౌరవంగా చూడటమే తప్ప చరిత్రకు ఆధారంగా చదవడం అరుదు. అయితే పతకంతో పాటు రాసిపెట్టే ప్రశంసా వాక్యాలను నిదానంగా చదివితే, ఒక మనిషి తెగువతో పాటు ఆ రోజు ఆ మనిషి చేతిలో లేని పరికరం, పై అంతస్తుకు అందని నిచ్చెన, బరువుకు చాలని తాడు కూడా అందులో కనిపిస్తాయి. ఈ విధంగా చదవదగిన చరిత్ర న్యూయార్క్ నగరంలో మన్‌హాటన్ పశ్చిమపు కొసన, 43వ వీధిలో ఉన్న ఒక ఫైర్ స్టేషన్‌కు ఉంది. దాని అధికారిక నామం ‘రెస్క్యూ కంపెనీ 1’. వాడుకలో ‘రెస్క్యూ వన్’.

ఈ పేరు అర్థం కావాలంటే అక్కడి ఏర్పాటు కొంత తెలియాలి. తెలుగు రాష్ట్రాలలో అగ్నిమాపక శాఖ రాష్ట్ర ప్రభుత్వం కింద పనిచేస్తుంది, ఫైర్ స్టేషన్‌ను ఊరి పేరుతోనో పేట పేరుతోనో పిలుస్తారు. ముంబయిలో అది నగరపాలక సంస్థ కింద ఉన్నట్టే న్యూయార్క్‌లోనూ నగర ప్రభుత్వానిదే, కానీ అక్కడ గుర్తింపు పేటను బట్టి గాక ‘కంపెనీ’ని బట్టి వస్తుంది. కంపెనీ అంటే ఒక బండి, దానికి కేటాయించిన అధికారులు, సిబ్బంది. గొట్టాలు, పంపు మోసుకొచ్చి నీళ్ళు కొట్టే బృందం ఇంజన్ కంపెనీ. నిచ్చెనలు వేసి, తలుపులు పగలగొట్టి, పొగ బయటికి పోయేందుకు పైకప్పుకు కంతలు చేసి, లోపల చిక్కుకున్నవారిని వెతికే బృందం లాడర్ కంపెనీ. ఈ రెండింటికీ సాధ్యపడని పనికి వెళ్ళేది రెస్క్యూ కంపెనీ. అంతస్తులు కూలినా, సొరంగంలో పొగ నిండినా, లిఫ్టు మధ్యలో మనిషి ఇరుక్కున్నా, సాటి అగ్నిమాపక సిబ్బందే లోపల చిక్కుబడినా కబురు వీరికే వెళుతుంది. ఇలాంటి ప్రత్యేక దళం అవసరమని నగరానికి తెలిసిరావడానికి ఒక శతాబ్దానికి పైగా పట్టింది.

న్యూయార్క్‌లో మంటలార్పే పని 1737లో వలస పాలన కాలపు శాసనసభ చేసిన చట్టంతో స్వచ్ఛంద దళాల చేతికి వచ్చింది. పగలు కమ్మరం, వడ్రంగం, వ్యాపారం చేసుకునేవారే గంట మోగితే చేతిపంపు బండిని లాక్కుంటూ పరుగెత్తేవారు. 1835 డిసెంబరులో వ్యాపారవాడలో మంటలు లేచిన రాత్రి చలికి నది నీరు సైతం గడ్డకట్టి, గొట్టాలలో నీళ్ళు ఆడక, దాదాపు 700 భవనాలు బూడిదయ్యాయి. ఊరు పెరిగేకొద్దీ స్వచ్ఛంద దళాల మధ్య పోటీ కొట్లాటల దాకా వెళ్ళింది. కొళాయి దగ్గరికి ముందెవరు చేరారన్న తగవు తేలేలోపు ఇల్లు కాలిపోయేదన్న ఫిర్యాదులూ పెరిగాయి. ఆవిరితో నడిచే పంపులు వచ్చాక ఎక్కువ మంది మనుషుల అవసరం తగ్గింది, బీమా కంపెనీల ఒత్తిడి కూడా తోడయింది. 1865లో రాష్ట్ర ప్రభుత్వం జీతాలు తీసుకునే శాశ్వత దళాన్ని నెలకొల్పింది. 1870లో అది నగర పాలన కిందికి వచ్చి నేటికీ వాడుకలో ఉన్న ఎఫ్‌డీఎన్‌వై అనే పేరు తెచ్చుకుంది; 1898లో బ్రూక్లిన్ వంటి ఇరుగుపొరుగు పట్టణాలు న్యూయార్క్‌లో కలిసిపోయినప్పుడు వాటి దళాలూ ఇందులోనే చేరాయి.

సాహస పతకం కూడా ఈ జీతాల దళంతో పాటే పుట్టింది. 1868లో న్యూయార్క్ హెరాల్డ్ పత్రిక అధిపతి జేమ్స్ గోర్డన్ బెనెట్ ఇంటికి నిప్పంటుకోగా సిబ్బంది వచ్చి ఆర్పారు. అందుకు కృతజ్ఞతగా ఆయన 1,500 డాలర్లు ఇచ్చి, ఆ సొమ్ము మీది ఆదాయంతో ఏటా అత్యంత సాహసం చూపినవారికి బంగారు పతకం ఇవ్వాలని కోరారు. అచ్చును టిఫనీ సంస్థ తయారుచేసింది. 1869 నుంచి మొదలైన ఈ బెనెట్ పతకం రెండు దశాబ్దాలకు పైగా ఆ శాఖలో సాహసానికి ఇచ్చే ఏకైక పురస్కారంగా ఉండిపోయింది. ఆ తర్వాత ఇతర దాతలు తమ పేరుతోనో, తమవారి జ్ఞాపకంగానో ఒక్కో పతకం చొప్పున చేర్చుతూ పోవడంతో చిట్టా పెరిగింది గాని, వయసులో పెద్దదన్న కారణంగా ఏడాది మొత్తంలో అన్నిటికన్నా గొప్ప సాహసానికి బెనెట్ పతకమే ఇచ్చే ఆచారం నిలిచింది. ప్రభుత్వోద్యోగి సాహసానికి గుర్తింపు ప్రభుత్వ ఖజానా నుంచి గాక, ఇల్లు దక్కించుకున్న ఒక సంపన్నుడి జేబు నుంచి రావడం ఈ వ్యవస్థకు పుట్టుకతో వచ్చిన లక్షణం. దాని పర్యవసానం నూట యాభై ఏళ్ళ తర్వాత బయటపడింది.

ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళకు న్యూయార్క్ భవనాలు దళం దగ్గరున్న సామగ్రిని మించిపోయాయి. 1911 మార్చి 25న ట్రయాంగిల్ బట్టల కార్ఖానా అగ్నిప్రమాదంలో మంటలు 8, 9, 10 అంతస్తులలో ఉండగా అగ్నిమాపక నిచ్చెనలు ఆరో అంతస్తు దగ్గరే ఆగిపోయాయి. 146 మంది చనిపోయారు, వారిలో ఎక్కువమంది వలస వచ్చిన యువతులు. ఎత్తుతో వచ్చిన ఇబ్బందిని అందరూ కళ్ళారా చూశారు. లోతుతోనూ, ఇనుముతోనూ వచ్చే ఇబ్బంది ఏడాది తిరక్కుండానే ఎదురైంది.

1912 జనవరి 9 తెల్లవారుజామున బ్రాడ్వే వీధిలోని ఈక్విటబుల్ జీవిత బీమా సంస్థ భవనం నేలమాళిగలో మంటలు రేగాయి. ప్రయాణికుల లిఫ్టు పెట్టిన తొలి కార్యాలయ భవనాలలో ఒకటిగా పేరున్న ఆ కట్టడంలో బ్యాంకుల, వ్యాపార సంస్థల విలువైన పత్రాలను దాచే బలమైన భద్రపు గదులు ఉండేవి. ఆ గదులు నడిపే మర్కంటైల్ సేఫ్ డిపాజిట్ కంపెనీ అధ్యక్షుడు విలియం గిబ్లిన్ పత్రాలు కాపాడుకుందామని లోపలికి వెళ్ళి వెనక్కి రాలేకపోయారు. బయటి వీధి కనిపిస్తూనే ఉంది, కానీ దొంగలు రాకుండా బిగించిన మందపాటి ఉక్కు ఊచలు అడ్డం. సెనెకా లార్క్ అనే ఇంజన్ కంపెనీ సిబ్బంది ఒకరు ఆ కిటికీ ముందు కాలిబాట మీద బోర్లా పడుకుని, మామూలు హాక్సా బ్లేడుతో ఊచలు కోయడం మొదలుపెట్టారు. బ్లేడు విరిగితే ఇంకొకటి అందుకుంటూ, మంట తగలకుండా తోటివారు మీద కొడుతున్న నీళ్ళు ఒంటి మీదే గడ్డకడుతుండగా, తలపైన గోడలు ఎప్పుడు కూలుతాయో తెలియని స్థితిలో గంటకు పైగా ఆ కోత సాగింది. చివరికి గిబ్లిన్ ప్రాణాలతో బయటపడ్డారు. అదే ప్రమాదంలో విలియం వాల్ష్ అనే బెటాలియన్ చీఫ్‌తో సహా ఆరుగురు మరణించారు. మంచు కప్పేసిన ఆ శిథిల భవనం ఫొటోలు తర్వాత పోస్టుకార్డులుగా అమ్ముడుపోయాయి.  

లార్క్‌కు బెనెట్ పతకం లభించింది. పతకానికి ఆయన అర్హతను ఎవరూ శంకించలేరు, కాని అప్పటికే ఆక్సిజన్, ఎసిటిలీన్ వాయువులను కలిపి మండించి ఉక్కును కోసే టార్చ్ కార్ఖానాలలో వాడుకలో ఉంది. తెలుగునాట లేత్ షెడ్లలో, లారీ బాడీలు కట్టేచోట గ్యాస్ కటింగ్ అని పిలిచే పని అదే. ఆ టార్చ్ ఒకటి, దాన్ని పట్టడం తెలిసిన మనిషి ఒకరు ఆ తెల్లవారుజామున అక్కడ ఉంటే ఊచలు తొలగడానికి గంట పట్టదు, పతకం అవసరమూ రాదు. శాఖ పెద్దలు లార్క్ సాహసాన్ని మెచ్చుకుంటూనే ఈ సంగతినీ గ్రహించారు. అయినా చర్యకు మరో మూడేళ్ళు, మరో ప్రమాదం కావలసివచ్చాయి. 1915 జనవరి 6న భూగర్భ రైలుమార్గంలో విద్యుత్ తీగలు కాలి, నడుమ నిలిచిపోయిన రైళ్ళలో వందలాది ప్రయాణికులు పొగ బారినపడ్డారు. వారిని తేవడానికి దిగిన అగ్నిమాపక సిబ్బంది కూడా ఊపిరాడక పడిపోయారు. ఆ రోజుల్లో పొగను ఎక్కువసేపు తట్టుకోవడమే మగతనంగా, పనితనంగా లెక్క. భూమి లోపలి సొరంగంలో ఆ లెక్క పనిచేయలేదు.

రెండు నెలలకే, 1915 మార్చి 8న, రెస్క్యూ కంపెనీ 1 పని మొదలుపెట్టింది. గ్రేట్ జోన్స్ వీధిలో ఇంజన్ 33 ఉండే ఫైర్ స్టేషన్‌లో దానికి చోటిచ్చారు. వాస్తుశిల్పి ఎర్నెస్ట్ ఫ్లాగ్ రూపకల్పనలో 1899లో పూర్తయిన ఆ భవనం ముఖభాగంలో పై అంతస్తుల ఎత్తునా సాగే పెద్ద కమాను వల్ల నేటికీ దారినపోయేవారిని నిలబెడుతుంది. 1968లో నగరం దాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించింది. కొత్త దళానికి కెప్టెన్‌గా జాన్ మెక్‌ఎలిగట్‌ను నియమించారు. కింద ఒక లెఫ్టినెంటు, గుప్పెడు మంది సిబ్బంది. వారిని ధైర్యం చూసి గాక చేతిపని చూసి ఎంపిక చేయడం గమనించదగింది: యంత్రాల మరమ్మతు, ఇనుప కట్టడాల పని, విద్యుత్ పని, తాళ్ళు బిగించే పని తెలిసినవారికి ప్రాధాన్యం దక్కింది. అగ్నిమాపక బండ్లను ఇంకా గుర్రాలు లాగుతున్న కాలంలో (1922 డిసెంబరు దాకా ఆ శాఖలో గుర్రాలు ఉన్నాయి) ఈ దళానికి ఒక కాడిలాక్ మోటారు కారును మార్పుచేసి ఇచ్చారు.

ఆ కారులో ఉంచిన సామగ్రిని చూస్తే దళం ఎందుకు పుట్టిందో తెలుస్తుంది. ఉక్కును కోసే టార్చ్ నేరుగా ఈక్విటబుల్ ఊచల నుంచి వచ్చింది. జర్మనీలో గని కార్మికుల కోసం చేసిన డ్రేగర్ పొగ శిరస్త్రాణాలు భూగర్భ రైలు నేర్పిన పాఠం. 1906లో ఫ్రాన్స్‌లోని కూరియర్ బొగ్గుగని పేలుడులో జర్మన్ రక్షకులు వాటితోనే దిగినందువల్ల, ఉత్తర అమెరికా గనులలో రక్షకులకు ‘డ్రేగర్‌మెన్’ అనే పేరే స్థిరపడింది. గుడ్డనో, బొగ్గుపొడినో అడ్డం పెట్టి పొగను వడకట్టే ముసుగు ప్రాణవాయువు లేనిచోట పనికిరాదు, ఎందుకంటే వడకట్టడానికి అక్కడ మంచి గాలే ఉండదు; కార్బన్ మోనాక్సైడ్ అనే రంగూ వాసనా లేని విషవాయువును ఆ వడపోత ఆపదు కూడా. డ్రేగర్ పరికరం మనిషి వదిలిన గాలిలోని బొగ్గుపులుసు వాయువును క్షార పదార్థంతో పీల్చివేసి, వెంట తెచ్చుకున్న సిలిండరు నుంచి ఆక్సిజన్ కలిపి అదే గాలిని తిరిగి అందిస్తుంది, కాబట్టి బయట ఏముందన్న దానితో పని ఉండదు. వీటికి తోడు స్పృహ తప్పినవారి ఊపిరితిత్తులలోకి ఆక్సిజన్ పంపే పల్మోటార్ అనే యంత్రం, దూరానికో ఎత్తుకో తాడు విసరడానికి ఓడ ప్రమాదాలలో వాడే లైల్ తుపాకీ ఉండేవి. పల్మోటార్ పద్ధతిని వైద్యులు తర్వాతి కాలంలో పక్కనపెట్టారు. మిగతావాటిలో చాలావరకు మెరుగైన రూపంలో ఈనాటి బండిలో ఉన్నాయి.

ఈ నమూనా నిలదొక్కుకోవడంతో 1925లో బ్రూక్లిన్‌లో రెస్క్యూ 2, 1931లో మరో రెండు దళాలు వచ్చి, క్రమంగా నగరంలోని ఐదు విభాగాలకూ ఒక్కోటి చొప్పున ఏర్పడ్డాయి. మెక్‌ఎలిగట్ 1930లలో మేయర్ లా గార్డియా హయాంలో మొత్తం శాఖకే అధిపతి అయ్యారు. పరికరాల మీద ఈ శాఖవారి పట్టుదలకు ఇంకో ఉదాహరణ చెప్పుకోవాలి. తలుపులు పెకలించడానికి ప్రపంచమంతటా అగ్నిమాపక సిబ్బంది చేతుల్లో కనిపించే హాలిగన్ బార్, అంటే ఒక కొస పంగలా చీలి, రెండో కొసన వెడల్పు పలుగు, పక్కకు కొమ్ములాంటి మొన ఉన్న ఉక్కు గునపం, 1940ల చివర ఎఫ్‌డీఎన్‌వై అధికారి హ్యూ హాలిగన్ రూపొందించిందే. ఉద్యోగి తయారుచేసిన సరుకును ఉద్యోగమిచ్చిన శాఖే కొంటే అవినీతి అంటారన్న జంకుతో న్యూయార్క్ దాన్ని తొలుత కొనలేదు. సిబ్బంది సొంత డబ్బుతో కొనుక్కున్నారు, బోస్టన్ నగరం ముందుగా పెద్ద ఎత్తున తీసుకుంది. నిజాయితీకి ఇంత విచిత్రమైన ఉదాహరణ ప్రభుత్వ కొనుగోళ్ళలో తరచుగా కనిపించదు.

పతకాల వ్యవస్థ కూడా ఈలోగా బలపడింది. సంఘటన ముగిశాక కంపెనీ అధికారి రాసే నివేదికతో ప్రక్రియ మొదలవుతుంది. ఎవరు ఎక్కడినుంచి లోపలికి వెళ్ళారు, రక్షణగా నీళ్ళ గొట్టం వెంట ఉందా, వేడి ఎంత, పొగలో చూపు ఆనిందా, బయటపడే దారి వెనక తెరిచి ఉందా అన్న వివరాలు అందులో ఉంటాయి. పై అధికారుల సమ్మతితో అది శాఖలోని మెరిట్ బోర్డుకు చేరుతుంది. బోర్డు సాహసాన్ని ఒకటి, రెండు, మూడు తరగతులుగానూ, వాటి దిగువ ఎ, బి తరగతులుగానూ విభజిస్తుంది. కొలమానం ముఖ్యంగా ఒకటే, ప్రాణాపాయం ఎంత అన్నది. మొత్తం దళం చేసిన పనికి యూనిట్ సైటేషన్ అనే వేరు గుర్తింపు ఉంది. వీటిలో మేటి అనిపించినవాటికి దాతల పేర్లతో ఉన్న పతకాలను కేటాయించి, సాధారణంగా జూన్‌లో మెడల్ డే అని జరిపే సభలో మేయర్, కమిషనర్ల చేతుల మీదుగా అందిస్తారు. భారతదేశంలో రాష్ట్రపతి పేరిట అగ్నిమాపక సిబ్బందికీ ఇచ్చే శౌర్య పతకానికీ దీనికీ పోలిక వెతకవచ్చు, కాని రాష్ట్రపతి పతకం దేశం మొత్తానికి కేంద్రం నుంచి వస్తుంది, న్యూయార్క్ పతకాలు ఒక్క నగరానివి.

అపాయమే కొలమానమైనప్పుడు ఒక చిక్కు తప్పదు. సరైన పరికరంతో, సరైన ప్రణాళికతో అపాయాన్ని తగ్గించుకున్నవాడి పని నివేదికలో మామూలుగా కనిపిస్తుంది. ఏమీ లేకుండా దూకినవాడి పని వెలిగిపోతుంది. ఈ చిక్కును అన్నిటికన్నా బాగా చూపేది తాడు చరిత్ర. 1980 జూన్ 27న మన్‌హాటన్ ఉత్తర భాగంలోని హార్లెమ్‌లో ఒక భవనం పై అంతస్తు కిటికీ దగ్గర లాడర్ 28కి చెందిన గెరార్డ్ ఫ్రిస్బీ మంటలకు చిక్కుకోగా, రెస్క్యూ 3కి చెందిన లారెన్స్ ఫిట్జ్‌పాట్రిక్‌ను పైకప్పు మీద నుంచి తాడుతో దించారు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకున్నాక తాడు తెగింది. ఇద్దరూ మరణించారు. ప్రాణాలు మోసే తాడుకు ప్రత్యేక నిబంధన ఏదీ అప్పటికి అమెరికాలో లేదని ఈ మరణాలతో బయటపడింది. జాతీయ అగ్ని రక్షణ సంఘం 1980ల నడుమ తెచ్చిన ప్రమాణం ఒక మనిషికి, ఇద్దరు మనుషులకు వేర్వేరు తాళ్ళను నిర్ణయించి, మోయవలసిన బరువుకు 15 రెట్లు తట్టుకునే బలం ఉండాలని నిర్దేశించింది. మెక్‌ఎలిగట్ పేర 1930ల నుంచి ఇస్తున్న పతకానికి తర్వాత ఫిట్జ్‌పాట్రిక్, ఫ్రిస్బీల పేర్లు జతచేశారు. పరికరాలతో దళాన్ని కట్టిన తొలి కెప్టెన్ పేరూ, పరికరం మోసగించిన ఇద్దరి పేర్లూ ఒకే పతకం మీద కలిశాయి.

కొత్త తాళ్ళకు బహిరంగ పరీక్ష 1991 మే నెలలో వచ్చింది. టైమ్స్ స్క్వేర్ సమీపంలో ఒక భవనం 12వ అంతస్తు కిటికీలలో ఇద్దరు మనుషులు పొగకు తట్టుకోలేక బయటికి వేలాడుతున్నారు. నిచ్చెన అందే స్థితి లేదు. రెస్క్యూ వన్ బృందం పైకప్పుకు చేరింది గాని తాడు కట్టడానికి అక్కడ గట్టి ఆధారమేదీ దొరకలేదు. లెఫ్టినెంట్ పాట్రిక్ బ్రౌన్, తోటివారు పైకప్పు మీద పడుకుని, తమ శరీరాల బరువునే ఆధారంగా చేసి తాడు పట్టుకోగా, మొదట పాట్రిక్ బార్, తర్వాత కెవిన్ షే కిందికి దిగి చెరొకరిని కాపాడారు. టెలివిజన్‌లో నగరమంతా చూసిన ఈ ఘటనకు శాఖ ఉన్నత పురస్కారాలు వచ్చాయి. కిందికి దిగినవారి సాహసం కెమెరాకు చిక్కింది. పైన పడుకుని ఇద్దరి బరువును చేతులతో ఆపినవారు జారితే అందరూ పోయేవారే, కాని ఆ దృశ్యంలో వారు కనిపించరు. ఒంటరి వీరుడి కోసం మలచిన పతకానికి తాడు రెండో కొసన ఉన్నవారిని గుర్తుపెట్టుకోవడం ఎప్పుడూ కష్టమే, యూనిట్ సైటేషన్ ఆ లోటును కొంతవరకే తీరుస్తుంది. తాడు మాత్రం ఆ రోజు నిలిచింది.

ఆపద ఈ దళం ఇంటి గడపకే వచ్చిన సందర్భమూ ఉంది. 1985 జనవరిలో, తర్వాతి కాలంలో 43వ వీధికి చేరిన రెస్క్యూ వన్ పక్కనే ఉన్న గిడ్డంగికి నిప్పంటుకుని, దాని గోడ కూలి ఫైర్ స్టేషన్ మీదే పడి కట్టడం ధ్వంసమైంది. సిబ్బంది కొన్నేళ్ళు ఇంకొకరి స్టేషన్‌లో తలదాచుకుని, అదే స్థలంలో కొత్త భవనం లేచాక తిరిగొచ్చారు. 1993 ఫిబ్రవరి 26న వరల్డ్ ట్రేడ్ సెంటర్ నేలమాళిగలో ఉగ్రవాదులు పేల్చిన బాంబుకు పడిన గోతిలో, బాధితుల కోసం పొగలో పాకుతూ వెళ్ళిన కెవిన్ షే అనేక అడుగుల లోతుకు జారిపడి తీవ్రంగా గాయపడ్డారు. తాడు పట్టి ఇతరులను తెచ్చిన మనిషిని ఈసారి తోటివారు తీసుకొచ్చారు. ఆ ఘటనలో ఆకాశహర్మ్యాల పై అంతస్తులకూ కిందికీ మధ్య చేతి రేడియోలు సరిగా పనిచేయలేదు. ఆ ఇబ్బందిని అప్పుడే గుర్తించారు గాని పూర్తిగా తీర్చలేదు.

2001 సెప్టెంబరు 11 ఉదయం 8 గంటల 46 నిమిషాలకు ఉగ్రవాదులు నడిపిన మొదటి విమానం వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఉత్తర టవర్‌ను ఢీకొట్టింది. న్యూయార్క్ ఫైర్ స్టేషన్లలో ఉదయం 9 గంటలకు షిఫ్టు మారుతుంది. రాత్రి పనిచేసినవారు ఇంకా ఇంటికి వెళ్ళలేదు, పగటివారు అప్పటికే వచ్చి కాఫీ వేళలో ఉన్నారు. రెస్క్యూ కంపెనీ బండిలో మామూలుగా ఒక అధికారి, ఐదుగురు సిబ్బంది కలిపి ఆరుగురు వెళతారు. ఆ రోజు రెస్క్యూ వన్ కోల్పోయింది 11 మందిని. షిఫ్టు మారే వేళ కావడం, ఇంటికి పోవలసినవారు కూడా బండెక్కడం ఈ లెక్కకు కారణం. 9 గంటల 59 నిమిషాలకు దక్షిణ టవర్ కూలిన తర్వాత ఉత్తర టవర్‌లో ఉన్నవారిని బయటికి రమ్మన్న ఆదేశం చాలామందికి రేడియోలో చేరలేదని జాతీయ విచారణ సంఘం తర్వాత నిర్ధారించింది. 10 గంటల 28 నిమిషాలకు ఉత్తర టవర్ కూలింది. ఎఫ్‌డీఎన్‌వై మొత్తం 343 మందిని పోగొట్టుకుంది. 1991లో తాడు పట్టిన పాట్రిక్ బ్రౌన్ అప్పటికి లాడర్ 3 కెప్టెన్. ఆయనా ఉత్తర టవర్‌లోనే మరణించారు.

రెస్క్యూ వన్ కెప్టెన్ టెరెన్స్ హాటన్ మృతులలో ఒకరు. ఇరవై ఏళ్ళ పైబడిన ఉద్యోగంలో అనేక ప్రశంసలు పొందిన ఆయన పేరును ఫైర్ స్టేషన్ ఉన్న 43వ వీధి భాగానికి పెట్టారు. ఒక దళం దాదాపు సగం మందిని ఒకే ఉదయం కోల్పోయినప్పుడు పోయేది సంఖ్య మాత్రమే కాదన్న సంగతి అగ్నిమాపక వృత్తిలో ఉన్నవారికి వెంటనే తెలుస్తుంది. కూలిన కట్టడంలో ఏ దూలాన్ని ముందు తీయాలి, ఏ చప్పుడుకు వెనక్కి రావాలి అన్న విద్య పుస్తకాలలో కొంతే ఉంటుంది. మిగతాది పాతవారి పక్కన నిలబడి నేర్చుకోవలసిందే. అందువల్ల ఆ తర్వాతి ఏళ్ళలో రెస్క్యూ దళాలను తిరిగి నింపడం పరికరాలు కొనడంకన్నా కష్టమైంది.

2005 సెప్టెంబరులో అమెరికా కేంద్ర ప్రభుత్వం ఆ రోజు చనిపోయిన 442 మంది ప్రజారక్షణ సిబ్బంది కుటుంబాలకు వైట్‌హౌస్‌లో ప్రత్యేక శౌర్య పతకాలు ఇచ్చింది. అగ్నిమాపకులు, పోలీసులు, వైద్య సహాయకులు అన్న తేడా, ఒకటో తరగతి రెండో తరగతి అన్న కొలత ఇందులో లేవు. మెరిట్ బోర్డు పద్ధతిలో ఒక్కొక్కరి అపాయాన్ని తూచడం ఇక్కడ సాధ్యపడేదీ కాదు, ఎందుకంటే ఎవరు ఏ అంతస్తులో ఏం చేశారో నివేదిక రాయడానికి చాలా కంపెనీలలో ఎవరూ మిగలలేదు.

నగర శాఖలో పతకాల పేర్లు మాత్రం మారుతూ వచ్చాయి. దాతల పేర్ల పక్కన విధి నిర్వహణలో మరణించినవారి పేర్లు చేర్చడం ముందే మొదలైంది. బ్రూక్లిన్ పౌరుల పతకానికి 1996లో మరణించిన రెస్క్యూ 2 సిబ్బంది లూయిస్ వాలెంటినో పేరు తోడవడం ఒక ఉదాహరణ. అన్నిటికన్నా పాతదైన బెనెట్ పతకం జోలికి చాలాకాలం ఎవరూ వెళ్ళలేదు. అయితే బెనెట్ తన పత్రికలో బానిసత్వాన్ని సమర్థించి, నల్లజాతివారిని కించపరచిన రాతలు అందరికీ తెలిసినవే. అటువంటివాడి పేరున్న పతకాన్ని నేటి సిబ్బంది మెడలో వేయడం తగదని శాఖ 2020లో నిర్ణయించి, దానికి 2001 సెప్టెంబరు 11న మరణించిన శాఖాధిపతి పీటర్ గాన్సీ పేరు పెట్టింది. ఆ నిర్ణయం వెలువడినప్పుడు కమిషనర్‌గా ఉన్న డేనియల్ నిగ్రో, గాన్సీ చనిపోయిన రోజున ఆయన బాధ్యతలు స్వీకరించిన అధికారే.